ముల్లు కాల్లో, బిళ్ల గజ్జల్లో: రోగనిరోధక కణాల నడక గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. అంతకుముందు కొన్నేళ్లు మహబూబ్‌నగర్‌లో చెప్పాను. రోగనిరోధక వ్యవస్థ పాఠం మొదలుపెట్టిన ప్రతిసారీ పిల్లల ప్రశ్నలు ఒకే చోటికి వచ్చి ఆగుతాయి. పుస్తకంలో కణాల పేర్లున్నాయి, ఏ కణం ఏం చేస్తుందో ఉంది. కానీ ఆ కణం అక్కడిదాకా ఎట్లా వచ్చింది? దానికి ఎవరు చెప్పారు? పుస్తకం దాన్ని ఒక వాక్యంలో దాటేస్తుంది. నాకేమో పాఠం మొత్తంలో ఆ నడకే అన్నిటికన్నా అద్భుతంగా అనిపిస్తుంది. పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, మా బంధువులు ఇన్నాళ్లుగా అడిగిన ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నాను.

కాల్లో ముల్లు దిగితే గజ్జల్లో బిళ్ల ఎందుకు కడుతుంది?

చెల్క పని నుంచి కుంటుకుంటూ వచ్చిన వాళ్ల గజ్జలు తడిమి చూసి మా నాయనమ్మ "బిళ్ల కట్టింది, ముల్లు ఇంకా లోపలే ఉంది" అనేది. ఆమె బడికి పోలేదు. కానీ ఆ మాటలో సగం ఇమ్యునాలజీ ఉంది.

తుమ్మముల్లు దిగినప్పుడు దాంతోపాటు మట్టి, బ్యాక్టీరియా లోపలికి పోతాయి. కొన్ని గంటల్లోనే రక్తంలోంచి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు గాయం దగ్గరికి వచ్చి పడతాయి. ఎరుపు, వాపు, సలుపు, తర్వాత వచ్చే చీము అంతా ఆ పోరాటమే. చీములో ఎక్కువ భాగం చచ్చిపోయిన న్యూట్రోఫిల్సే.

అదే సమయంలో ఇంకో పని చప్పుడు లేకుండా జరుగుతుంది. చర్మంలో ఎప్పుడూ కాపలా ఉండే డెండ్రైటిక్ కణాలు బ్యాక్టీరియా ముక్కల్ని మింగి, ఉన్న చోటు వదిలి, లింఫ్ నాళాల్లోకి దూరతాయి. కణజాలం నుంచి ఊరే లింఫ్ అనే ద్రవం కాల్లోంచి పైకి పారి గజ్జల్లో ఉన్న లింఫ్ గ్రంథులకు చేరుతుంది. మన పుస్తకాల్లో వీటినే శోషరస కణుపులు అంటారు, ఇంట్లో బిళ్లలు అంటాం. డెండ్రైటిక్ కణం ఒకటి రెండు రోజుల్లో అక్కడికి చేరి, తాను తెచ్చిన ముక్కను టి కణాలకు (లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాల్లో ఒక రకం) చూపిస్తుంది. అక్కడ జరిగే హడావిడికే గ్రంథి ఉబ్బి చేతికి తగులుతుంది. అందుకే కాలి గాయానికి గజ్జల్లో, చేతి గాయానికి చంకలో, పంటి నొప్పికీ గొంతు నొప్పికీ దవడ కింద బిళ్ల కడుతుంది. ఎక్కడి నీళ్లు ఏ చెరువుకు పోతాయో తెలిసినట్టే ఇది కూడా.

ముల్లు దిగితే టీటీ ఇంజెక్షన్ సంగతి డాక్టర్‌ని అడగడం మాత్రం మరవొద్దు.

యాంటీజెన్ అంటే క్రిమేనా?

కాదు. క్రిమిలో గుర్తుపట్టదగిన ఒక భాగం. టి కణం బ్యాక్టీరియాను మొత్తంగా చూడదు. డెండ్రైటిక్ కణం దాన్ని లోపల ముక్కలు చేసి, చిన్న ప్రోటీన్ తునకను తన ఉపరితలం మీద ఒక పళ్లెంలో పెట్టినట్టు పెడుతుంది. ఆ పళ్లెం పేరు ఎంహెచ్‌సీ. పళ్లెంలో ఉన్న తునక తన గ్రాహకానికి, అంటే తన ఒంటి మీద ఉన్న గుర్తుపట్టే ప్రోటీన్‌కు, అతుకుతుందా లేదా అన్నదొక్కటే టి కణం చూసుకునేది. లింఫోసైట్లలో ఇంకో రకమైన బి కణాలకు ఈ పళ్లెం అక్కర్లేదు, అవి యాంటీజెన్‌ను నేరుగానే పట్టుకుంటాయి.

మన జిల్లా నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది కదా, దాన్ని ఈ కణాలు ఎందుకు పట్టుకోవు?

మర్రిగూడ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. వాళ్లింట్లో ఫ్లోరోసిస్‌తో నడుం వంగిపోయిన పెద్దలున్నారు. ఆ ప్రశ్న విన్న రోజు నాకు మాట రాలేదు.

ఫ్లోరైడ్ ఒక అయాన్. టి కణం గుర్తుపట్టేది ప్రోటీన్ తునకల్ని. దాని గ్రాహకానికి తగులుకునేంత ఆకారం ఫ్లోరైడ్‌కు లేదు. అది క్రిమి కాదు, దానికి యాంటీజెన్ లేదు, కాబట్టి దాన్ని వెతికే కణం కూడా లేదు. ఎముకల్లో, పళ్లలో పేరుకునే రసాయనానికి శరీరంలో సైన్యం ఉండదు. దాన్ని లోపలికి రాకుండా బయటే ఆపాలి. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి దేశమంతా నల్గొండ పేరే పెట్టారంటే మనవాళ్లు ఎంత అనుభవించారో అర్థమవుతుంది.

ఫోన్‌లో ఒక వీడియో చూశాం. తెల్ల కణం బ్యాక్టీరియా వెంట పడి తరుముతుంది. అన్ని కణాలూ అట్లాగే చేస్తాయా?

ఆ వీడియో నిజమైనదే. 1950లలో అమెరికాలో డేవిడ్ రోజర్స్ అనే ఆయన తీసిన ఫిల్మ్. ఎర్ర రక్తకణాల మధ్య ఒక న్యూట్రోఫిల్ బ్యాక్టీరియా వాసన పట్టుకుని దాని వెంటే తిరుగుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

కానీ అది చూసి పిల్లలు ఒక తప్పు అభిప్రాయానికి వస్తారు. ప్రతి రోగనిరోధక కణానికీ శత్రువు ఎక్కడుందో ముందే తెలుసనీ, నేరుగా అటే పోతుందనీ అనుకుంటారు. న్యూట్రోఫిల్ పని వేరు. బ్యాక్టీరియా వదిలే రసాయనాలు, దెబ్బతిన్న కణాలు వదిలే సంకేతాలు ఎటు ఎక్కువగా ఉంటే అది అటే నడుస్తుంది. వంటింట్లో పోపు వేస్తే వాసన ఎటు గాఢంగా ఉందో పట్టుకుని పోయినట్టు. పైగా ముందు చేరినవి ఎల్‌టీబీ4 అనే రసాయనం వదిలి వెనకవాటిని కూడా పిలుస్తాయి. చీమల్లా గుంపు కడతాయి.

ఇంకా క్రిమిని కలవని కొత్త టి కణానికి ఆ సౌకర్యం లేదు. దానికి కళ్లు లేవు, తనకు కావలసిన యాంటీజెన్‌కు దూరం నుంచి తెలిసే వాసనా లేదు. ఒక కణాన్ని తాకాలి, తడమాలి, కాదనుకుంటే వదిలి ఇంకోదాన్ని తాకాలి. ఈ పేజీలో ఎక్కువ భాగం ఆ తడుములాట గురించే.

రక్తంలో కొట్టుకుపోతున్న కణం సరైన చోట ఎట్లా దిగుతుంది?

రన్నింగ్ బస్సు దిగడం చూశారు కదా, ఒక్కసారిగా దూకితే పడిపోతాం. కణం కూడా మెల్లగా దిగుతుంది. గాయం దగ్గరి రక్తనాళపు లోపలి గోడ సెలెక్టిన్స్ అనే కొక్కేల్ని బయటపెడుతుంది. వాటికి తగులుకుంటూ, ఊడుతూ న్యూట్రోఫిల్ గోడ వెంట దొర్లుతుంది. వేగం తగ్గాక గోడ మీద ఉన్న రసాయన సంకేతం తగిలి దాని ఒంటి మీది ఇంటెగ్రిన్స్ అనే పట్టు ప్రోటీన్లు బిగుసుకుంటాయి. అప్పుడు గట్టిగా అతుక్కుని, గోడ కణాల సందులోంచి బయటికి దూరిపోతుంది.

ఈ మెట్లలో ఒక్కటి లేకపోయినా ఏమవుతుందో చెప్పే జబ్బు ఉంది. చాలా అరుదైనది. ఇంటెగ్రిన్ లోపంతో పుట్టిన పిల్లలకు బొడ్డుతాడు సమయానికి రాలిపోదు, వారాల తరబడి ఉండిపోతుంది. రక్తంలో తెల్ల కణాలు మామూలుకన్నా చాలా ఎక్కువగా ఉంటాయి. అయినా ఇన్ఫెక్షన్ మీద ఇన్ఫెక్షన్ వస్తుంది, పుండులో చీము మాత్రం పట్టదు. సైన్యం నిండుగా ఉంది, బస్సు దిగలేకపోతోంది. క్లాసులో ఇది చెప్పాక "చీము మంచిదేనా మేడమ్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. చీము పట్టిందంటే కణాలు అక్కడిదాకా రాగలిగాయని అర్థం, అంతే. చీము ఎక్కువైతే డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే.

కాళ్లు లేని కణం నడవడమేంటి?

అమీబా పాఠం గుర్తు చేసుకోండి. కణం లోపల ఆక్టిన్ అనే ప్రోటీన్ ముందువైపు దారాల్లా పెరుగుతూ పొరను ముందుకు తోస్తుంది. వెనకవైపు మయోసిన్ పిండుతుంది. ముందు సాగడం, వెనక ముడుచుకోవడం, ఈ రెండూ కలిస్తే నడక.

రక్తనాళం గోడకు అతుక్కోవడానికి ఇంటెగ్రిన్ తప్పనిసరి అన్నాను కదా. కణజాలం లోపలికి వచ్చాక ఆ అవసరం చాలావరకు తగ్గుతుంది. ఇటూ అటూ కొల్లాజెన్ దారాలు ఒత్తుతుంటాయి కాబట్టి కణం వాటి మధ్యలోంచి తన ఆకారం మార్చుకుంటూ జారిపోతుంది. కంచె కింది నుంచి దూరే కుక్కపిల్లలాగ. అసలు ఇబ్బంది కేంద్రకంతో. కణంలో మిగతాదంతా సాగుతుంది, కేంద్రకం కాస్త గట్టిది. అది దూరితే కణం మొత్తం దూరినట్టే. న్యూట్రోఫిల్ కేంద్రకం మూడు నాలుగు తమ్మెలుగా ఎందుకుంటుందని పరీక్షల్లో అడగరు గానీ, ఇరుకు సందుల్లో అట్లాంటి కేంద్రకం తేలిగ్గా దూరుతుంది.

టి కణం ఎంత వేగంగా నడుస్తుంది?

లింఫ్ గ్రంథిలో సగటున నిమిషానికి 10 నుంచి 12 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. గంటకు ఒక మిల్లీమీటరు కూడా కాదు. రోజంతా ఆగకుండా నడిస్తే ఒకటిన్నర సెంటీమీటరు, అంటే మీ చిటికెన వేలి గోరు పొడవు కన్నా కొంచెం ఎక్కువ. నవ్వకండి. ఆ కణం అడ్డం 7 మైక్రాన్ల లోపే. ప్రతి నిమిషం తన ఒంటి పొడవును మించి నడుస్తోంది. బి కణాలు దాదాపు సగం వేగంతో, నిమిషానికి 6 మైక్రాన్ల చొప్పున పోతాయి. డెండ్రైటిక్ కణాలు ఇంకా నిదానం.

ఇంకో విషయం ఉంది. టి కణం తిన్నగా పోదు. కొద్ది దూరం పోతుంది, తిరుగుతుంది, మళ్లీ ఇంకో వైపు తిరుగుతుంది. కాబట్టి గంట నడిచాక బయలుదేరిన చోటి నుంచి కొలిస్తే మిల్లీమీటరులో ఆరో ఏడో వంతు దూరమే వస్తుంది. ఆ దూరం రెట్టింపు కావాలంటే సమయం నాలుగు రెట్లు కావాలి. బస్సు లెక్కకు అలవాటుపడ్డ మనకు ఇది విడ్డూరం. కానీ అక్కడక్కడే తిరగడం వల్లే చుట్టుపక్కల కణాలన్నిటినీ తాకడం కుదురుతుంది.

ఒక క్రిమికి సరిపోయే టి కణాలు లక్షలో ఒకటీ, పది లక్షల్లో ఒకటీ ఉంటాయని పుస్తకంలో ఉంది. మరి సరైన జంట ఎట్లా కలుస్తుంది?

పెద్దగట్టు జాతరకు పోయిన వాళ్లకు ఇది ఒక్క మాటలో అర్థమవుతుంది. దురాజ్‌పల్లి గుట్ట చుట్టూ లక్షల మంది. పిల్లవాడు తప్పిపోయాడు. తల్లి ఒకవైపు, పిల్లవాడు ఇంకోవైపు ఏడుస్తూ జాతరంతా తిరిగితే తెల్లవార్లూ తిరిగినా కలవకపోవచ్చు. అందుకే ఎవరు చూసినా ఆ పిల్లవాణ్ని మైకు దగ్గరికి తీసుకొస్తారు. తల్లి కూడా అక్కడికే పరుగెత్తుతుంది.

శరీరం చేసిన ఏర్పాటు ఇదే. క్రిమి మోకాలి దగ్గర ఉందో, మోచేతి దగ్గర ఉందో టి కణం ఒళ్లంతా వెతకదు. క్రిమి ముక్కల్ని డెండ్రైటిక్ కణాలు దగ్గర్లోని గ్రంథికి మోసుకొస్తాయి. టి కణాలు రక్తంలోంచి అదే గ్రంథిలోకి దిగుతాయి. మన ఒంట్లో ఇట్లాంటి గ్రంథులు సుమారు 600 ఉన్నాయి. సీసీఎల్19, సీసీఎల్21 అనే కీమోకైన్లు (కణాల్ని పిలిచే రసాయన సంకేతాలు) ఈ రెండు రకాల కణాల్నీ ఒకే పేటలోకి పిలుస్తాయి. బి కణాల్ని ఇంకో కీమోకైన్ పక్క పేటకు పిలుస్తుంది. అంటే దిక్కు చూపడం ఊరి దాకే. ఊళ్లోకి వచ్చాక ఏ ఇల్లు అన్నది తడుముకోవాల్సిందే.

ఆ తడుములాట ఎంత జోరుగా ఉంటుందంటే, చేతులు చాచి నిలబడ్డ ఒక్క డెండ్రైటిక్ కణాన్ని గంటలో వందల నుంచి వేల టి కణాలు తాకి పోతాయి. ఒక్కొక్క తాకిడి మూడు నాలుగు నిమిషాలు. సగం రోజు నుంచి ఒక రోజు వరకు ఒక గ్రంథిలో తిరిగి, ఏమీ దొరక్కపోతే టి కణం బయటికి వచ్చి, మళ్లీ రక్తంలో కలిసి, ఇంకో గ్రంథిలో దిగుతుంది.

నేను పిల్లలకు పదే పదే చెప్పేది ఇదే: కణం తెలివైనది కావాల్సిన పని లేదు. దారీ తెన్నూ లేని నడక కూడా ఫలించేటట్టు చోటును అమర్చి పెట్టారు. అది వ్యవస్థ గొప్పతనం.

గ్రంథి లోపల దారులేమైనా ఉంటాయా?

ఉంటాయి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కిందికి పోయి నిలబడండి. ఊడలు దిగి, కొమ్మలు అల్లుకుని, ఎటు చూసినా ఒక వల. గ్రంథి లోపల ఫైబ్రోబ్లాస్టిక్ రెటిక్యులర్ కణాలు అట్లాంటి వలనే అల్లుతాయి. టి కణాలు ఆ కొమ్మల్ని పట్టుకుని పాకుతాయి. ప్రతి కూడలి దగ్గరా ఎటు తిరుగుతుందో చెప్పలేం. డెండ్రైటిక్ కణాలు కూడా ఆ కొమ్మల మీదే కూర్చుంటాయి. దారి, సంత ఒకే చోట ఉన్నట్టు. ఆ వల కణాలే కీమోకైన్లనూ తయారుచేస్తాయి, టి కణాలు బతకడానికి కావలసిన ఐఎల్-7నూ ఇస్తాయి.

ఇదంతా ఎవరు చూశారు? ఊహించి చెబుతున్నారా?

చాలాకాలం ఊహలాగే ఉండేది. రష్యాకు చెందిన మెచ్నికాఫ్ 1882లో ఇటలీలోని మెస్సినాలో, అద్దంలా పారదర్శకంగా ఉండే నక్షత్ర చేప పిల్లకు ముల్లు గుచ్చి, మర్నాడు చూశాడు. ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. ముల్లుతోనే ఈ శాస్త్రం మొదలైంది చూడండి. ఆయనకు 1908లో నోబెల్ వచ్చింది. 1950ల చివర్లో ఆక్స్‌ఫర్డ్‌లో జేమ్స్ గోవన్స్ ఎలుకల ఛాతీలోని పెద్ద లింఫ్ నాళం నుంచి కణాల్ని బయటికి తీశాడు. తీస్తూ పోతే లింఫోసైట్లు తగ్గిపోయాయి, తిరిగి ఎక్కిస్తే మళ్లీ కనిపించాయి. రక్తం నుంచి గ్రంథికి, గ్రంథి నుంచి లింఫ్‌కు, అక్కడి నుంచి మళ్లీ రక్తానికి ఇవి తిరుగుతూనే ఉంటాయని ఆ పని తేల్చింది. డెండ్రైటిక్ కణాన్ని 1973లో రాల్ఫ్ స్టీన్‌మన్, జాన్విల్ కోన్ వెలుగులోకి తెచ్చారు. స్టీన్‌మన్‌కు 2011లో నోబెల్ ప్రకటించారు. అప్పటికి మూడు రోజుల ముందే ఆయన చనిపోయారన్న సంగతి కమిటీకి తెలియదు. బహుమతి మాత్రం ఆయనకే ఉంచారు. ఈ మాట చెప్పినప్పుడల్లా క్లాసు కాసేపు నిశ్శబ్దమవుతుంది.

కానీ బతికున్న గ్రంథిలో టి కణం నడవడం 2002 దాకా ఎవరూ సరిగ్గా చూడలేదు. అంతవరకు చనిపోయిన కణజాలాన్ని పలచగా కోసి చూసేవారు. అంగడి రోజున తీసిన ఒక్క ఫొటో చూసి, ఎవరు ఎటు పోతున్నారో చెప్పమన్నట్టు ఉండేది. మాంసంలోంచి మామూలు వెలుతురు చెదిరిపోతుంది. ఇన్‌ఫ్రారెడ్ కాంతి ఇంకా లోతుకు పోతుంది. రెండు ఫోటాన్లు (కాంతి రేణువులు) ఒకేసారి తగిలితే ఒక అణువు వెలగగలదని మరియా గోపర్ట్ మేయర్ 1931లోనే లెక్కగట్టి చెప్పింది. దాని మీద 1990లో కార్నెల్‌లో టూ ఫోటాన్ మైక్రోస్కోప్ తయారైంది. 2002లో దాని కింద ఎలుక గ్రంథిని పెట్టి చూసినవాళ్లకు టి కణాలు కుదురు లేకుండా తిరుగుతూ కనిపించాయి.

హైదరాబాద్ హబ్సిగూడలోని కణ పరిశోధన సంస్థ సీసీఎంబీ ఓపెన్ డే పెట్టినప్పుడు మన పిల్లల్ని ఒక్కసారైనా తీసుకుపోండి. నల్గొండ నుంచి పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. కణాన్ని బొమ్మలో చూడడం వేరు, మైక్రోస్కోప్‌లో చూడడం వేరు.

సరైనది దొరికితే టి కణం ఏం చేస్తుంది?

ఆగుతుంది. రోజుల తరబడి నడిచిన కణం ఆగిపోతుంది. దాని లోపల కాల్షియం పెరుగుతుంది. మొదటి కొన్ని గంటలు కొద్దికొద్దిగా తాకుతూ, తర్వాత గంటల తరబడి డెండ్రైటిక్ కణాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. పళ్లెంలో సరైన తునకలు పది ఉన్నా చాలు, గుర్తుపట్టగలదు. దాదాపు ఒక రోజు తర్వాత విడిపోయి మళ్లీ కదులుతుంది, విభజన మొదలవుతుంది. ఒక్కటి వారం లోపల వేలు అవుతుంది. కొత్త జబ్బుకు మొదటి నాలుగైదు రోజులు అవస్థ పడడానికి కారణం ఈ వెతుకులాట, ఈ పెరుగుదల. అదే క్రిమి రెండోసారి వస్తే, మొదటి పోరాటంలో మిగిలిన జ్ఞాపక కణాలు ముందే ఎక్కువ ఉంటాయి. కొన్నయితే పాత గాయం ఉన్న చర్మంలోనే కాపురం పెడతాయి. టీకా చేసేది ఈ వెతుకులాటను జబ్బు రాకముందే పూర్తి చేయించడం.

అయితే బిళ్ల ఉబ్బడానికి అసలు కారణం ఏంటి?

లోపలికి వచ్చే తలుపు పెద్దదైంది, బయటికి పోయే తలుపు మూసుకుంది. రక్తంలో, లింఫ్‌లో ఎస్1పీ అనే కొవ్వు పదార్థం ఎక్కువ, గ్రంథి లోపల తక్కువ. ఎక్కువ ఉన్న వైపుకు పోవడమే టి కణం బయటపడే దారి. ఇన్ఫెక్షన్ సంకేతం అందగానే కణాల మీద ఎస్1పీని పట్టుకునే గ్రాహకాలు లోపలికి వెళ్లిపోతాయి. రోజువారీగా బయటికి పోవాల్సినవి కూడా ఆగిపోతాయి. అదే సమయంలో రక్తం ఎక్కువగా పారి కొత్త కణాలు దిగుతూనే ఉంటాయి. వెతికే వాళ్లను పెంచి, వదలకుండా ఉంచడం. ఈ తలుపునే మందుతో మూయవచ్చు. ఫింగోలిమోడ్ అనే మాత్ర లింఫోసైట్లను గ్రంథుల్లోనే ఆపేస్తుంది. సొంత నరాల మీదే దాడి జరిగే మల్టిపుల్ స్క్లెరోసిస్ జబ్బుకు అమెరికాలో 2010లో దాన్ని అనుమతించారు.

సీబీపీ (రక్తకణాల లెక్క) రిపోర్టులో లింఫోసైట్లు తక్కువ వచ్చాయి. రోగనిరోధక శక్తి పోయినట్టేనా?

ఆ ఒక్క అంకె చూసి టెన్షన్ పడొద్దు. ఒంట్లోని లింఫోసైట్లలో ఏ సమయంలోనైనా రక్తంలో ఉండేవి సుమారు 2 శాతమే. మిగతావి గ్రంథుల్లో, ప్లీహంలో, పేగుల్లో, చర్మంలో ఉంటాయి. బస్టాండులో జనం తక్కువ ఉన్నారని ఊళ్లో మనుషులు లేరని చెప్పలేం. జ్వరంలో ఆ అంకె తాత్కాలికంగా మారుతుంది. మళ్లీ మళ్లీ తక్కువే వస్తుంటే డాక్టర్ చూడాలి.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ తీసుకున్నా అంకెలు మారతాయి. లింఫోసైట్లు రక్తంలోంచి తప్పుకుంటాయి, న్యూట్రోఫిల్స్ నాళం గోడకు అతుక్కోలేక రక్తంలోనే ఎక్కువగా తేలుతాయి. కణాలు దిగాల్సిన చోట దిగవు కాబట్టే వాపు, నొప్పి వెంటనే తగ్గుతాయి, జబ్బు పోయిందనిపిస్తుంది. లోపల టీబీ లాంటిది ఉంటే మాత్రం అది పెరగడానికి సందు దొరికినట్టే. మా బంధువుల్లో ఒకాయనకు ఇట్లాగే ఒంటి నొప్పులకని ఊళ్లోనే నెలల తరబడి ఇంజెక్షన్లు వేశారు. అవి ఏమిటని ఎవరూ అడగలేదు. దయచేసి అడగండి, చీటీ రాయించుకోండి.

టీబీ పరీక్షకు చేతికి సూది వేసి, రెండు మూడు రోజుల తర్వాత రమ్మంటారు. ఎందుకు?

టి కణాల నడకను బయటి నుంచి చేత్తో తడిమి చూడగలిగే పరీక్ష ఇది. ముంజేతి చర్మంలో టీబీ క్రిమి ప్రోటీన్‌ను కొద్దిగా ఎక్కిస్తారు. టీబీ క్రిమిని ముందే ఎరిగిన జ్ఞాపక టి కణాలు ఒంట్లో ఉంటే అవి రక్తంలోంచి ఆ చోట దిగాలి, ప్రోటీన్‌ను గుర్తుపట్టాలి, మిగతా కణాల్ని పిలవాలి. దానికి 48 నుంచి 72 గంటలు పడుతుంది. అందుకే అప్పుడు రమ్మంటారు. కొలిచేది ఎరుపును కాదు, గట్టిపడ్డ భాగాన్ని. ఆ రోజు కూలి పోతుందని చెయ్యి చూపించకుండా మానేసేవాళ్లున్నారు. అప్పుడు సూది వేయించుకున్నదంతా వృథా.

టీబీ క్రిమి మోసం కూడా ఈ నడకలోనే ఉంది. ఊపిరితిత్తుల్లో తనను మింగిన మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణంలోనే బతుకుతుంది, గ్రంథికి కబురు చేరడం ఆలస్యం చేస్తుంది. క్రిమి సోకాక ఈ చర్మ పరీక్ష పాజిటివ్ కావడానికి 2 నుంచి 8 వారాలు పడుతుంది.

బోదకాలుకూ దీనికీ సంబంధం ఉందా?

చాలా ఉంది. నల్గొండ జిల్లా బోదకాలు ఉన్న ప్రాంతం. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే సన్నని పురుగులు లింఫ్ నాళాల్లో కాపురం పెట్టి ఏళ్ల తరబడి బతుకుతాయి. నాళాలు వెడల్పై, కవాటాలు పాడై, లింఫ్ పైకి పారదు. కాలు వాయడం పైకి కనిపించేది. కనిపించనిది ఏమిటంటే, చర్మం నుంచి గ్రంథికి కబురు మోసే దారి దెబ్బతింది. వేళ్ల సందుల్లో చిన్న పగులు వచ్చినా బ్యాక్టీరియా అక్కడే పెరుగుతుంది. చలిజ్వరం, కాలు ఎర్రబడడం, నొప్పి మళ్లీ మళ్లీ వస్తాయి. ప్రతిసారీ నాళాలు ఇంకొంచెం పాడవుతాయి.

అందుకే బోదకాలు ఉన్నవాళ్లు కాలిని రోజూ సబ్బుతో మెత్తగా కడిగి, వేళ్ల మధ్య తడి లేకుండా తుడిచి, కూర్చున్నప్పుడు ఎత్తులో పెట్టుకోవాలి. కణాలు చేయలేకపోతున్న పనిలో కొంత ఆ సబ్బు చేస్తుంది. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు ఇస్తే వాళ్ల ముందే మింగండి. నాకు జబ్బు లేదు కదా అని మాత్రను గూట్లో పెట్టకండి. పిల్ల పురుగులు రక్తంలో ఉన్నా ఏళ్ల తరబడి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు.

షుగర్ ఉన్నవాళ్లకు పుండు మానదెందుకు?

చాలా కారణాల్లో ఇదొకటి: షుగర్ అదుపులో లేకపోతే న్యూట్రోఫిల్స్ సంకేతం వైపు నడవడం, మింగడం మందగిస్తాయి. రక్తప్రసరణ తగ్గి కణాలు ఆ చోటికి రావడమూ కష్టమవుతుంది. కాలికి స్పర్శ తగ్గితే ముల్లు దిగిన సంగతే తెలియదు. పొలం పోయేటప్పుడు చెప్పులు వేసుకోండి, రాత్రి కాళ్లు చూసుకోండి.

కణాల కదలికను "వలస" అని ఎందుకు అంటారు?

మహబూబ్‌నగర్‌లో బోర్డు మీద "కణాల వలస" అని రాసినప్పుడు ఒక పిల్లవాడు "మా అమ్మానాన్న బొంబాయిలో ఉన్నారు మేడమ్" అన్నాడు. పాలమూరులో ఆ మాట బరువు వేరు. ఆ రోజు నుంచి నేను "కణాల నడక" అని రాస్తున్నాను. వెతకడానికి పోయి, తిరిగి రక్తంలోకి వచ్చి, మళ్లీ పోయే ఈ కణాలకు నడక అనే మాటే సరిగ్గా సరిపోతుందని కూడా నాకనిపిస్తుంది.

గ్రంథి బయట, మామూలు కణజాలంలో ఎట్లా వెతుకుతాయి?

చోటును బట్టి పద్ధతి మారుతుంది. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి సోకిన ఎలుక మెదడులో టి కణాల నడకను గమనించిన పరిశోధన 2012లో వచ్చింది. అవి ఒకచోట చిన్న చిన్న అడుగులతో తిరిగి, అప్పుడప్పుడు ఒక్క పెద్ద అంగ వేసి ఇంకో చోటికి పోయి, మళ్లీ అక్కడ వెతికాయి. తప్పిపోయిన మేక కోసం గొల్లలు వెతికేది ఇట్లాగే కదా. ఒక గుట్ట చుట్టూ పొదలన్నీ చూసి, లేదనుకున్నాక దూరంగా ఇంకో గుట్టకు పోతారు. లక్ష్యాలు తక్కువగా, దూరదూరంగా ఉన్నప్పుడు ఈ పద్ధతిలో తొందరగా దొరుకుతుంది. చర్మంలో కాపురమున్న జ్ఞాపక కణాలు మాత్రం పెద్ద అంగలు వేయవు. చర్మ కణాల సందుల్లోకి కొమ్మల్లాంటి చేతులు చాపి, నిదానంగా తమ వాడకట్టు మాత్రమే చూసుకుంటాయి.

క్యాన్సర్ గడ్డలోకి ఈ కణాలు పోలేవా?

కొన్నిట్లోకి పోతాయి, చాలావాటిలో అంచు దగ్గరే ఆగిపోతాయి. గడ్డ చుట్టూ కొల్లాజెన్ దట్టంగా పేరుకుంటే సందులు కేంద్రకం పట్టనంత ఇరుకవుతాయి. రోగి టి కణాలనే మార్చి తిరిగి ఎక్కించే కార్-టి చికిత్సకు మన దేశంలో తయారైన నెక్స్‌కార్19 2023లో అనుమతి పొందింది. అది కొన్ని రకాల రక్త క్యాన్సర్లకు. రక్తంలో, మజ్జలో కణాలకు దారి తేలిక. గట్టి గడ్డల్లోకి నడిపించడం ఎట్లా అన్నదే ఇప్పుడు పరిశోధకుల ముందున్న పెద్ద పని.

బిళ్ల ఎప్పుడు డాక్టర్‌కు చూపించాలి?

గాయమో, గొంతు నొప్పో తగ్గాక రెండు మూడు వారాల్లో బిళ్ల చిన్నదవుతుంది. తగ్గకపోతే, పెరుగుతూ పోతే, నొప్పి లేకుండా రాయిలా గట్టిగా ఉంటే, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం తోడైతే ఆలస్యం చేయకండి. మెడ మీద వరుసగా బిళ్లలు కట్టడాన్ని పెద్దలు గండమాల అనేవారు. అది చాలాసార్లు గ్రంథుల టీబీ. పసర్లు కట్టి దాచుకునేది కాదు, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా మందులిస్తారు.

జీవితమంతా తిరిగినా తనకు సరిపోయే యాంటీజెన్ దొరకని టి కణం ఏమవుతుంది?

ఈ ప్రశ్న ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు, ఎక్కువగా వెనక బెంచీలో నిశ్శబ్దంగా కూర్చునే పిల్లలే, అడుగుతారు. నిజానికి చాలా టి కణాల గతి అదే. అవి ఎదురుచూస్తున్న క్రిమి మన ఊరికే రాకపోవచ్చు.

కానీ ఆ నడక ఊరికే పోదు. గ్రంథిలో అది తాకే ప్రతి డెండ్రైటిక్ కణం మన సొంత ప్రోటీన్ల తునకల్ని కూడా పళ్లెంలో పెట్టుకుని ఉంటుంది. వాటికి టి కణం గ్రాహకం గట్టిగా అతుక్కోదు, కానీ లీలగా తగులుతుంది. ఆ లీలైన స్పర్శ, వల కణాలు ఇచ్చే ఐఎల్-7, ఈ రెండూ అందితేనే టి కణం బతుకుతుంది. కాదని వదిలేసిన తాకిడి కూడా దానికి తిండే. అట్లా మనిషిలో ఒక కొత్త టి కణం ఏళ్ల తరబడి బతకగలదు, ఈ రోజు మెడ కింది గ్రంథిలో, రేపు గజ్జల్లో, ఎల్లుండి పేగుల పక్కన.